సరిహద్దు యొద్ద సత్యము

చదువవలసిన భాగము: ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక



మన సంఘములోని ఒక సహోదరుడు 7 ఏండ్ల క్రిందట కాలువ నీటి తగాదాలో ఒకని కొట్టి, 6 మాసములు చెరసాలలో నుండి, జరిమానాయు చెల్లించి వచ్చెను. ఇప్పుడు కెనడాలోనున్న కుమారుడు అతనిని రమ్మని పిలుచుచున్నాడు. ఏ దేశములోనైనను ఎప్పుడైనను కేసు గాని శిక్ష గాని యున్నదా అని వీసా కాగితములో అడిగిరి. “లేదని వ్రాయుము, అక్కడివారికేమి తెలియును?” అని ఏజెంటు చెప్పెను. ఆ రాత్రి అతడు ఆ కాగితము పట్టుకొని మా యొద్దకు వచ్చెను. అతనితో కూడ మేము తెలిసికొనినది మీకును ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

1. మన దేశపు చట్టము. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము ప్రకారము, దరఖాస్తుకు ముందటి 5 ఏండ్లలో నీతిబాహ్యమైన నేరమునకు 2 ఏండ్లు గాని అంతకు మించి గాని ఖైదు పడినవానికి పాస్‌పోర్టు నిరాకరింపవచ్చును. కేసు ఇంకను నడుచుచున్నవారు ఆ కోర్టు అనుమతి తెచ్చుకొనవలెను. సంగతి దాచి పాస్‌పోర్టు పొందినయెడల 2 ఏండ్ల వరకు ఖైదు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును పడవచ్చును. మన సహోదరుని శిక్ష చిన్నది, పాతది. గనుక పాస్‌పోర్టు దొరికెను.

2. కెనడా చట్టము. పాస్‌పోర్టు మన గడప దాటించును గాని అవతలి తలుపు తెరచువారు వేరు. మన కోర్టు వేసిన శిక్షను మాత్రమే వారు చూడరు; అదే పని తమ దేశములో చేసియుంటే ఎంతటి నేరమగునో తూచుదురు. శిక్ష అంతయు, జరిమానాతో సహా, ముగిసి 5 ఏండ్లు గడచినవాడు తాను మారినట్లు రుజువులు చూపి ప్రవేశమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అంత కాలము గడవనివాడు తగిన కారణము చూపి తాత్కాలిక అనుమతి అడుగవచ్చును. అబద్ధమాడినట్లు తేలినయెడల 5 ఏండ్లు రానియ్యరు. పాత తప్పునకు దారి యున్నది. క్రొత్త అబద్ధము ఆ దారిని మూసివేయును.

3. ఒనేసిము మాదిరి. పౌలు ఒనేసిమును దొంగచాటుగా పంపలేదు. జరిగిన నష్టమును ఒప్పుకొని, దానిని తన లెక్కలో వేయుమని ఉత్తరము వ్రాసి, యజమానుని యొద్దకే పంపెను. క్షమాపణ పొందినవాడు గతమును దాచనక్కరలేదు.

4. సంఘము చేయవలసినది. మన సహోదరుడు “ఉన్నది” అని వ్రాసి, తీర్పు నకలును విడుదల కాగితమును జతపరచెను. మేమును అతని నడతను గూర్చి ఉత్తరమిచ్చితిమి. జవాబు ఇంకను రాలేదు. రాకపోయినను అతడు నిద్రపోవుచున్నాడు. అతనిని “జైలుకు పోయినవాడు” అని పిలుచువారు మనలో ఇంకను ఉన్నారు. సరిహద్దు కెనడాలోనే లేదు, మన బల్లల నడుమ కూడ నున్నది.

ఇంటివారితో ఆలోచించుడి: మనము ఏ కాగితములో ఏ సంగతి దాచితిమి? ఎవని పాత తప్పును మనమింకను పట్టుకొనియున్నాము?