దుండిగల్‌కు రాని విమానం: హెచ్‌టీటీ-34

మన వాయుసేన కొనాల్సింది, కానీ కొనలేదు అనే విమానాల మాట వస్తే హాస్టల్‌లో వాదన ఎప్పుడూ ఫైటర్ల దగ్గరే ఆగిపోతది. రాఫెల్ 126 అనుకొని 36తో సరిపెట్టారనో, మిరాజ్-2000 ఇంకో రెండు స్క్వాడ్రన్లు తీసుకోవాల్సిందనో. ఆ వాదనలో నా ఓటు ఒక చిన్న ప్రొపెల్లర్ విమానానికి. దాని పేరు హెచ్‌టీటీ-34. దానికి తుపాకీ లేదు, రాడార్ లేదు. కొత్తగా వచ్చిన కేడెట్‌కు మొదటిసారి కంట్రోల్ స్టిక్ పట్టించే బండి అది. తయారు చేసింది బెంగళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్, అంటే హెచ్‌ఏఎల్. అది వచ్చి ఉంటే దిగాల్సిన చోటు మన దుండిగల్.

దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967లో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు, 1971లో అది మొదలైంది. మన దిక్కు నుంచి హైదరాబాద్ పోయేవాళ్లకు ఈ ట్రైనర్ విమానాలు కొత్త కాదు. కరీంనగర్ మీదుగా పోతే హకీంపేట రన్‌వే పక్కనుంచే రోడ్డు. కోరుట్ల వాళ్లు మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా పోతే తూప్రాన్ దాటినంక తల ఎత్తి చూస్తే చాలు.

ఏ వాయుసేనలోనైనా శిక్షణ మెట్లుమెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టు బేసిక్ ట్రైనర్. 1980ల నుంచి 2009 దాకా మన దగ్గర ఆ మెట్టు హెచ్‌పీటీ-32, ముద్దుపేరు దీపక్. 1977 జనవరిలో తొలిసారి ఎగిరింది, 1984లో సర్వీసులోకి వచ్చింది. లైకమింగ్ కంపెనీ ఆరు సిలిండర్ల పిస్టన్ ఇంజిన్, 260 హార్స్ పవర్. గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. ఎజెక్షన్ సీట్లు లేవు.

దీపక్‌తో వచ్చిన అసలు తంటా గాల్లో ఇంజిన్ ఆగిపోవడం. ఒకసారి రెండుసార్లు కాదు, ఏళ్ల తరబడి పదేపదే. అనుమానమంతా ఇంధన వ్యవస్థ మీదికే పోయింది. ఇక్కడ మెకానికల్ బ్రాంచ్ వాళ్లం కాసేపు ఆగాలి.

పెట్రోల్ లాంటి తేలికపాటి ఇంధనం పైపులో బాగా వేడెక్కితే ఆవిరై బుడగ కడుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు. బుడగను తోస్తే అది నలిగి చిన్నదవుతుందే గానీ ముందుకు కదలదు. ఇంజిన్‌కు ఇంధనం అందదు. దీన్నే వేపర్ లాక్ అంటాం. పాత అంబాసిడర్ నడిపినోళ్లను అడగండి, థర్మోడైనమిక్స్ పుస్తకం కంటే బాగా చెప్తరు: ఎండాకాలం కొండగట్టు ఘాట్ ఎక్కుతుంటే బండి ఆగుడు, బానెట్ లేపి పంపు మీద తడిగుడ్డ వేసుడు, చెట్టు కింద కాసేపు కూసొని మళ్లా స్టార్ట్ చేసుడు. సిరిసిల్లలో కరెంటు పోతే సాంచెలు ఆగుతయి, నేతన్న బయటికొచ్చి చాయ్ తాగుతడు. విమానానికి ఆ తీరిక ఉండదు.

ఎంత టైం ఉంటదో లెక్క కట్టి చూద్దాం. భూమికి 300 మీటర్ల ఎత్తులో ఇంజిన్ ఆగిందనుకోండి. ఒక మీటరు దిగేలోపు 8 మీటర్లు ముందుకు జారుతుందనుకోండి (లెక్క కోసం తీసుకున్న అంకె ఇది). మొత్తం 2,400 మీటర్లు. గంటకు 130 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 36 మీటర్లు. భాగిస్తే వచ్చేది 66 సెకన్లు. ఆ 66 సెకన్లలో ఇంజిన్ తిరిగి స్టార్ట్ చేయడానికి ప్రయత్నించాలి, రేడియోలో చెప్పాలి, కింద చదునైన పొలం వెతకాలి, కరెంటు తీగలు తప్పించాలి. కెనోపీ తెరిచి పారాచూట్‌తో దూకుదామంటే అంత ఎత్తు చేతిలో ఉండదు. పక్కన కూర్చున్నది ఇరవై ఏళ్లు దాటీ దాటని కేడెట్.

ఇప్పుడు హెచ్‌టీటీ-34 సంగతి. దీపక్ సర్వీసులోకి వచ్చిన 1984లోనే, జూన్ నెలలో, హెచ్‌ఏఎల్ అదే దీపక్ ముక్కులోంచి పిస్టన్ ఇంజిన్ తీసేసి అలిసన్ 250 అనే టర్బోప్రాప్ బిగించి ఎగరేసింది. శక్తి 420 హార్స్ పవర్. దీపక్ గరిష్ఠ బరువు 1,250 కిలోలు. పాత ఇంజిన్‌తో కిలోకు 0.21 హార్స్ పవర్ పడితే కొత్తదానితో 0.34 పడుతుంది. పైగా అలిసన్ పొడి బరువు వంద కిలోల లోపే, లైకమింగ్ దానికి దాదాపు రెండింతలు. బరువు తగ్గి బలం పెరిగితే విమానం చకచకా పైకెక్కుతుంది. ఎక్కిన ప్రతి వంద మీటర్లూ పైన వేసిన లెక్కకు ఇంకో 22 సెకన్లు కలుపుతాయి.

ఇంధనం కూడా మారుతుంది. టర్బైన్ తాగేది కిరోసిన్ జాతి ఏటీఎఫ్. పెట్రోల్ జాతి ఏవ్‌గ్యాస్ అంత తేలిగ్గా అది ఆవిరి కాదు. మన తెలంగాణ మే నెలలో ఇది చిన్న విషయం కాదు. పిస్టన్ లాగా ముందుకు వెనక్కు కొట్టుకునే భాగాలు లేవు కాబట్టి టర్బైన్ నమ్మకంగా తిరుగుతుంది. జెట్ విమానాల కోసం ఏటీఎఫ్ ఎలాగూ ప్రతి స్థావరంలో ఉంటుంది, ఏవ్‌గ్యాస్ ప్రత్యేకంగా తెప్పించుకోవాలి.

ఇదేమీ హెచ్‌ఏఎల్ ఒక్కదానికే తోచిన వింత ఆలోచన కాదు. స్విట్జర్లాండ్ పిలాటస్ పీసీ-7 ఉత్పత్తి విమానం 1978లోనే ఎగిరింది, బ్రెజిల్ టుకానో 1980లో. ఇటలీ వాళ్లు ఎస్ఎఫ్-260 అనే తమ పిస్టన్ ట్రైనర్‌కు ఇదే అలిసన్ 250 బిగించి విదేశాలకు అమ్ముకున్నారు. బ్రిటన్ కూడా 1985లో తన వాయుసేన కోసం టుకానోను ఎంచుకుంది. అంటే లోకమంతా ఏ దారిన పోతున్నదో 1984 నాటికే కనిపిస్తున్నది.

మరి ఎందుకు కొనలేదు? వాయుసేన వైపు కూడా న్యాయం లేకపోలేదు. దీపక్ అప్పుడే చేతికొచ్చింది, అది పాతబడకముందే ఇంకోటి కొనమంటే ఏ ఆర్థిక శాఖ ఒప్పుకుంటది? టర్బైన్ ఇంజిన్ ధర ఎక్కువ, అదే శక్తికి తాగేదీ ఎక్కువే. ఇంకో మాట కూడా చెప్పాలి: హెచ్‌టీటీ-34లోనూ ఎజెక్షన్ సీట్లు లేవు, రెక్కలు, శరీరం దీపక్‌వే. కాబట్టి అది వస్తే ఒక్క ప్రాణం కూడా పోయేది కాదని నేను అనను. కానీ 1984లో "ఇప్పుడు వద్దు" అనడం వేరు, ఇంజిన్లు ఆగిపోతున్నాయని తెలిసిన తర్వాత కూడా ఆ ఫైలు మళ్లీ తెరవకపోవడం వేరు. నా తకరారు రెండోదాని మీదే. తర్వాత హెచ్‌ఏఎల్ ముందూ వెనకా సీట్లతో హెచ్‌టీటీ-35 అనే కొత్త టర్బోప్రాప్ ట్రైనర్‌ను కూడా ప్రతిపాదించింది. అది నమూనా దశ దాటలేదు.

2009 జులై 31న అప్పటి మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఇద్దరూ అనుభవం ఉన్న అధికారులే. దాంతో మొత్తం దీపక్‌లను నేల మీదే నిలబెట్టేశారు. అప్పటికి లెక్క 17 ప్రమాదాలు, 19 ప్రాణాలు. విమానం మొత్తానికీ ఒక పెద్ద పారాచూట్ కట్టి కాపాడే ఆలోచన కూడా నడిచింది గానీ దీపక్ మళ్లీ శిక్షణకు రాలేదు.

ఆ తర్వాతి నాలుగేళ్ల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మొదటి మెట్టే లేకుండా పోయింది. రెండో మెట్టుకు వాడే కిరణ్ జెట్ మీదే కొత్త కేడెట్లను నేరుగా ఎక్కించారు. సైకిల్ రానోడికి బుల్లెట్ ఇచ్చినట్టు. కిరణ్‌లూ అప్పటికే వయసు మీదపడినవి. చివరికి 2012 మేలో స్విట్జర్లాండ్‌తో 75 పిలాటస్ పీసీ-7 మార్క్-2లకు ఒప్పందం కుదిరింది, రూ. 2,896 కోట్లు. 2013లో అవి దుండిగల్‌కు వచ్చాయి. 700 హార్స్ పవర్ టర్బోప్రాప్, ఎజెక్షన్ సీట్లు. 1984లో బెంగళూరులో ఎగిరిన ఆలోచనే, దానికంటే మెరుగైన రూపంలో, 29 ఏళ్ల తర్వాత విమానమెక్కి వచ్చింది.

మంచి విమానం ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తుడిచేయదు. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర ఒక పిలాటస్ కూలి గురువు, కేడెట్ ఇద్దరూ చనిపోయారు.

హెచ్‌ఏఎల్ మాత్రం ఈసారి ఊరుకోలేదు. వాయుసేన మొదట్లో వద్దన్నా సొంత సొమ్ము పెట్టి హెచ్‌టీటీ-40 తయారుచేసింది. అది 2016 మే 31న ఎగిరింది. ఎజెక్షన్ సీట్లున్నాయి, ముందూ వెనకా సీట్లు. 2023 మార్చిలో 70 విమానాలకు రూ. 6,828 కోట్లతో ఒప్పందం అయింది. ఇంజిన్ హనీవెల్ కంపెనీది. ఆ ఇంజిన్ల రాక ఆలస్యమై విమానాల అప్పగింత కూడా వెనకబడింది. హెచ్‌టీటీ-34కు అమెరికా ఇంజినే, హెచ్‌టీటీ-40కీ అమెరికా ఇంజినే. మన థర్మల్ ల్యాబ్‌లో సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్ ముందు రీడింగులు రాసుకునేటప్పుడు నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఈ ఒక్క సంగతే.