అద్దె పడవలో ఎవరి మాట వినాలి?

మన విచారణల నుండి విదేశాలకు ఉద్యోగాలకు వెళ్ళిన యువతీయువకుల్లో కొందరు సెలవులలో స్నేహితులతో కలిసి తెరచాప పడవను అద్దెకు తీసుకుంటున్నారు. గ్రీసు దీవులలో ఇది మామూలు విషయమే. నలుగురైదుగురు తలా కొంత వేసుకుంటారు, వారం రోజులు పడవలోనే వంట, పడక. ఇంటి దగ్గర తల్లిదండ్రులకు ఫోటోలు వస్తాయి. అవి చూసి సంతోషించవలసిందే. అయితే ఆ సముద్రం సంగతి కొంచెం తెలుసుకోవడం కూడా మంచిది.

ఏజియన్ సముద్రంలో జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తర దిక్కు నుండి 'మెల్తెమి' అనే గాలి వీస్తుంది. మన కోస్తాలో తుఫానుకు ముందు మబ్బు పడుతుంది, వాన వస్తుంది. మెల్తెమి అలా కాదు. ఆకాశం నిర్మలంగా ఉండగానే హోరుమంటుంది, ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. ఏథెన్సు నుండి దక్షిణంగా దీవులకు వెళ్ళేటప్పుడు అదే గాలి వెనుక నుండి తోస్తుంది. రెండు రోజుల్లో ఎంతో దూరం వచ్చేశామని అందరికీ ఉత్సాహం. తిరిగి రావలసింది ఆ గాలికి ఎదురు! తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోలేదు. అటొకసారి ఇటొకసారి వంకరగా పోవాలి. అలలు ముందు భాగాన్ని కొడుతుంటే సగం మందికి వాంతులు. శనివారం పడవ అప్పగించాలి, సాయంత్రం విమానం. అప్పుడు మొదలవుతుంది వాదన. ఒకరు ఆగుదామంటారు, మిగిలినవారు పోదామంటారు.

ఈ వాదన కొత్తది కాదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీసి చూడండి. పౌలుతో పాటు అరిస్తర్కు, 'మేము' అని రాసిన లూకా, మొత్తం 276 మంది ఒకే ఓడలో ఉన్నారు. క్రేతు ద్వీపంలోని మంచిరేవులు అనే చోటికి చేరేసరికి ప్రయాణాలకు అనువైన కాలం దాటిపోయింది. బయలుదేరితే నష్టం తప్పదని పౌలు చెప్పాడు. ఆయనకు అప్పటికే మూడుసార్లు ఓడ పగిలిన అనుభవం ఉంది. శతాధిపతి మాత్రం ఓడ నడిపేవాడి మాట, యజమాని మాట విన్నాడు. ఎక్కువమంది కూడా పోదామనే అన్నారు. దక్షిణపు గాలి మెల్లగా వీచింది, లంగరు ఎత్తారు. కొంతసేపటికే ఈశాన్యపు గాలి విరుచుకుపడింది. పద్నాలుగో రాత్రి నీటి లోతు 20 బారలు, కొంచెం ముందుకు పోయాక 15 బారలు ఉండటంతో బండలకు కొట్టుకుంటామని భయపడి వెనుక నుండి నాలుగు లంగర్లు వేశారు. మాల్టా తీరంలో ఓడ ముక్కలైంది, మనుషులందరూ బతికారు.

లంగరు విషయంలో నేటికీ పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. లోతుకు కనీసం నాలుగైదు రెట్లు గొలుసు వదలాలి, గాలి ఎక్కువైతే ఇంకా వదలాలి. తక్కువ వదిలి నిద్రపోతే అర్ధరాత్రి పడవ జారి పక్కవారి పడవ మీదికో, బండల మీదికో పోతుంది. నీటిలో వేలాడుతున్న తాడును చూడకుండా ఇంజను వేస్తే అది పంకాకు చుట్టుకుంటుంది. వెనుక గాలిలో తెరచాప కింది అడ్డకొయ్య ఒక్కసారిగా అటునుండి ఇటు తిరిగితే తల పగిలేంత దెబ్బ. ఎవరైనా నీటిలో పడితే ఒకరు కన్ను తిప్పకుండా వారివైపే చేయి చూపుతూ ఉండాలి. అలలలో తల క్షణంలో కనుమరుగవుతుంది.

గ్రీసులో పడవను స్వయంగా నడపాలంటే ఒకరికి లైసెన్సు, మరొకరికి అనుభవం ఉండాలి. ఆ లైసెన్సు ఉన్న వ్యక్తి వద్దంటే ఆ రోజు ప్రయాణం లేదని పడవ ఎక్కకముందే అందరూ ఒప్పుకోవాలి. సముద్రం మధ్యలో ఓట్లు లెక్కపెట్టడం నా దృష్టిలో మూర్ఖత్వం. ముందుగా కట్టిన డిపాజిట్టు పోతే ఎవరి వాటా ఎంతో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ఈ డబ్బు దగ్గరే చాలా స్నేహాలు చెడుతున్నాయి.

ఈసారి పిల్లలు ఫోన్ చేసి పడవ ప్రయాణమని చెబితే, తిరిగి రావడానికి ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకున్నారా అని అడగండి. గాలి మరీ ఎక్కువైతే అక్కడి అధికారులు పెద్ద ఫెర్రీలను సైతం రేవులోనే నిలిపివేస్తారని కూడా చెప్పండి.