పంచాయతీ ట్రాక్టరు సెల్ఫ్ పట్టనప్పుడు

2019వ సంవత్సరమున ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణ గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీళ్ల ట్యాంకరును సమకూర్చుకొన్నవి. ఉదయము తాళపుచెవి త్రిప్పగా బండి పలుకకున్నచో వీధులలో చెత్త నిలిచిపోవును, నాటిన మొక్కలు ఎండును. కావున బండి కదలకపోవుటకు గల విద్యుత్ లోపములను కనిపెట్టు విధమును ఈ పాఠమున వివరింతుము.

బండి మొరాయించగానే బ్యాటరీని విప్పి పట్నము చేర్చుట పెక్కు గ్రామములలో వాడుక. ఇబ్రహీంపట్నము, యాచారము వైపువారు సాగర్ రోడ్డు మీదుగా ఎల్.బి.నగర్ చేరుదురు. అచ్చటినుండి కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వరకు బ్యాటరీ దుకాణములకు కొదవ లేదు. అయితే దుకాణదారు ఎంత నెమ్మదస్థుడైనను అతని యెదుటికి వచ్చినది బ్యాటరీ మాత్రమే. లోపము ఊరిలో నిలిచియున్న బండి తీగలో నుండవచ్చును గదా! క్రొత్త బ్యాటరీ తెచ్చి బిగించగా బండి కదలును. కాని అది బిగించునప్పుడు టెర్మినళ్లు శుభ్రపడినందున కూడ కావచ్చును. అట్లయినచో కొంత కాలమునకు పాత కథయే మరల మొదలగును. అందుచేత బ్యాటరీని బండినుండి దింపక పూర్వమే పరీక్ష జరుగవలెను.

పూర్వము మోటారు వాహనములను చేతి హ్యాండిలు త్రిప్పి నడిపించెడివారు. ఆ హ్యాండిలు వెనుకకు తన్ని చేతులు విరుగుటయు కలదు. అమెరికా దేశస్థుడు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కారులకు అమరినది. మన ట్రాక్టరు సెల్ఫ్ మోటారుకును, పట్టణపు పచ్చిక బయళ్లలో మనిషి కూర్చుండి నడుపు గడ్డికోత యంత్రమునకును మూలము అదియే. విద్యుత్తునకు ఇందు రెండు దారులు కలవు. సన్నని తీగ దారిన కొద్దిపాటి విద్యుత్తు బ్యాటరీనుండి ఫ్యూజు, తాళము, క్లచ్ లేక గేరు వద్ద నుండు రక్షణ స్విచ్చి దాటి సొలినాయిడ్‌ను చేరును. గడ్డికోత యంత్రమునకైతే సీటు క్రిందను, బ్రేకు వద్దను, కోత కత్తి వద్దను కూడ ఇట్టి స్విచ్చులుండును. సొలినాయిడ్ 'టక్' మని పనిచేయగానే రెండవ దారియైన లావు తీగ గుండ వందల ఆంపియర్ల విద్యుత్తు మోటారునకు పోయి, ఇంజను ఇనుము ద్వారా, ఎర్త్ తీగ ద్వారా బ్యాటరీకి తిరిగి వచ్చును.

కావున చెవితో వినుటయే మొదటి పరీక్ష. పెద్ద దీపములు వెలిగించి తాళము త్రిప్పవలెను. దీపములే వెలుగనిచో బ్యాటరీ పూర్తిగా దిగినదనియో, టెర్మినల్ ఊడినదనియో, ఫ్యూజు పోయినదనియో గ్రహింపవలెను. దీపములు ప్రకాశించుచుండ 'టక్' మను శబ్దమే రానిచో లోపము సన్నని తీగ దారిలో నున్నది; క్లచ్ పూర్తిగా త్రొక్కితిరా, గేరు న్యూట్రల్‌లో నున్నదా అని ముందు చూడుడు. చాల సార్లు ఇంతకు మించి ఏమియు నుండదు. 'టకటకటక' మనుచు దీపములు మసకబారినచో బ్యాటరీ నీరసించినది, లేదా టెర్మినల్ పట్టు చాలదు. ఒక్క గట్టి 'టక్'తో ఆగినచో సొలినాయిడ్ లోపలి రాగి ముఖములను, సెల్ఫ్ మోటారును అనుమానింపవలెను. మోటారు ఇంజనును చురుకుగా త్రిప్పుచున్నను ఇంజను అందుకొననిచో డీజిలు మార్గమును చూడుడు. బ్యాటరీ జోలికి పోనక్కరలేదు.

రెండవ పరీక్షకు మల్టీమీటరు కావలెను. అది చవుక వస్తువు. ప్రతి పంచాయతీ ఒకటి కొని యుంచుట మంచిదని మా అభిప్రాయము. రాత్రి యంతయు నిలిచిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిన నిండుగా నున్నట్లు. 12కు దిగువనున్న ముందు ఛార్జి చేయింపవలెను. నిండుగా ఛార్జియైన బ్యాటరీ, సెల్ఫ్ తిరుగునపుడు 9.6 వోల్టులకు దిగువకు జారినచో, దాని ఆయువు తీరియుండవచ్చును. ఇంజను నడుచుచుండగా 14 వోల్టులకు అటునిటుగా చూపవలెను. అట్లు చూపక 12 వద్దనే యున్నచో ఛార్జింగు జరుగుట లేదు. అప్పుడు ఎన్ని క్రొత్త బ్యాటరీలు కొన్నను వృథా.

ఎర్త్ తీగ పరీక్షను మాత్రము ఎవరును విడువరాదు. మీటరు నల్ల మొనను బ్యాటరీ నెగటివ్ పైనను, ఎఱ్ఱ మొనను ఇంజను ఇనుముపైనను ఉంచి సెల్ఫ్ కొట్టింపవలెను. అర వోల్టునకు మించి చూపినచో ఆ తీగ కొసలలో తుప్పుగాని, రంగుగాని, వదులుగాని ఉన్నది. తుప్పు కలిగించు ప్రతిఘటన ఓమ్‌లో నూరవ వంతేయైనను, 200 ఆంపియర్లు ప్రవహించునపుడు 2 వోల్టులు అచ్చటనే హరించుకుపోవును. పానాతో విప్పి, గరుకు కాగితముతో రుద్ది, గట్టిగా బిగించిన చాలును. విప్పునపుడు నెగటివ్ తీగ మొదట, బిగించునపుడు చివర. బ్యాటరీ వద్ద బీడీ కూడదు. ఛార్జి అగునపుడు వెలువడు హైడ్రోజను వాయువు ప్రేలును.

ఇంకొక సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. తాళము పనిచేయనపుడు కొందరు డ్రైవర్లు నేలపై నిలిచి, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు రెండు బోల్టులను కలిపి బండి నడిపింతురు. ఇట్లు చేసిన విద్యుత్తు రక్షణ స్విచ్చిని దాటిపోవును. గేరులో నున్న బండి తక్షణమే కదలి, పెద్ద చక్రము ప్రక్కన నున్న మనిషిమీదనుండి పోవును. దేశదేశములలో ఈ విధముగ ప్రాణములు పోయినవి. రక్షణ స్విచ్చిని తీగతో కలిపి శాశ్వతముగ మూయుటయు ఇట్టిదే. పంచాయతీ బండి నడుపువాడు పంచాయతీ కార్మికుడు. కావున ఈ పనిని తీర్మానము ద్వారానే నిషేధింపవలెను.

2018 పంచాయతీరాజ్ చట్టము సర్పంచి, ఉప సర్పంచుల జంట సంతకమును చెక్కుపై కోరినది. క్రొత్త బ్యాటరీకి చెక్కు వ్రాయునపుడు పైన చెప్పిన నాలుగు మీటరు అంకెలు, పరీక్ష జరిగిన తేదీ, డ్రైవరు సంతకము ఉన్న కాగితమును అడిగి చూడుడు. కొనవలసియే వచ్చినచో పాత బ్యాటరీని దుకాణమున అప్పగించి దాని విలువను బిల్లులో తగ్గింపజేయుడు. దానిలోని సీసము, ఆమ్లము ఊరి చెత్తగుంటలో పడరాదు.