దేహమూ అమానతే

బోధన్ పట్టణానికి చక్కెర పేరు తెచ్చినది 1937లో స్థాపించబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. షక్కర్ నగర్ అనే పేరు కూడా దాని వల్ల వచ్చినదే. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. కాని 'షుగర్' అనే మాట మాత్రం మన ఇళ్లను వదలలేదు. ఒకప్పుడు ఆ మాట వింటే జీతం గుర్తుకొచ్చేది, ఇప్పుడు జబ్బు గుర్తుకొస్తోంది.

నిజామాబాద్, బోధన్ బస్తీలలో ఎందరో ముస్లిం స్త్రీలు బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నారు. ఒడిలో చేట, చేతిలో తునికాకు, పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కదలిక ఉండదు. మధ్యలో చక్కెర వేసిన చాయ్ నాలుగైదు సార్లు. ఇక శుక్రవారం వస్తే బిర్యానీ, దావత్ ఉంటే డబుల్ కా మీఠా. ఒళ్లు పెరగక ఏమవుతుంది? బరువు తగ్గాలని డాక్టరు చెబితే అది నింద అనుకోకూడదు. కడుపులో మూడో వంతు అన్నానికి, మూడో వంతు నీటికి కేటాయించి, మిగతా వంతు ఊపిరికి వదలాలని దైవప్రవక్త (స) నేర్పిన సంగతి (తిర్మిజీ) మన పిల్లలకు కూడా తెలుసు. తెలియనిదల్లా దస్తర్‌ఖాన్ మీద దాన్ని ఆచరించడమే.

హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స)తో పరుగు పందెం వేసి గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్లు చేసిన తర్వాత మళ్లీ పందెం జరిగితే ఆయన గెలిచి, ఆనాటి దానికి ఇది బదులని చమత్కరించారు (అబూదావూద్). ఒళ్లు వచ్చిందని ఆయన ఎత్తిపొడవలేదు, భార్యతో కలిసి పరుగెత్తారు. ఈ హదీసును స్త్రీల కన్నా మన ఇళ్లలోని మగవారు ఎక్కువగా చదవాలి. భార్యకు 'లావైపోయావు' అని చెప్పడం సులువు, ఫజ్ర్ తర్వాత ఆమెతో కలిసి అరగంట నడవడం కష్టం.

అయితే మేము ముఖ్యంగా చెప్పదలచినది వేరే సంగతి. మాకు తెలిసిన ఒక ఆపా బీడీలు చుడతారు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. రాత్రి అన్నం మానేసి, చాయ్‌లో చక్కెర మానేసి, రోజూ నడిచి ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా డాక్టరు దగ్గరకు వెళ్లలేదు, పాత చీటీ మీదే పాత మోతాదు మాత్రలు వేసుకుంటూ వచ్చారు. ఒక మధ్యాహ్నం చెమటలు పట్టి, చేతులు వణికి, చేట మీదే ఒరిగిపోయారు. పక్కింటి పిల్ల చక్కెర నీళ్లు తాగించబట్టి తేరుకున్నారు. కోలుకున్నాక ఆమె చేసిన పని మరింత ప్రమాదకరం. 'ఈ మాత్రల వల్లే ఇదంతా' అని షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు కలిపి అన్నీ మానేశారు.

దీనిని అర్థం చేసుకోవాలి. మాత్ర మోతాదు ఆనాటి బరువును, ఆనాటి తిండిని, ఆనాటి రక్తపరీక్షను చూసి రాసినది. తిండి తగ్గి బరువు తగ్గితే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని అదే మోతాదులో తీసుకున్నప్పుడు రక్తంలో చక్కెర మరీ కిందికి పడిపోగలదు. బీపీ మాత్ర కూడా ఎక్కువై లేవగానే కళ్లు తిరగవచ్చు. కనుక మోతాదు తగ్గించవలసి రావచ్చు, కొందరికి ఏదో ఒక మాత్ర ఆపవలసి కూడా రావచ్చు. ఆ నిర్ణయం పరీక్ష చూసి డాక్టరు చేయాలి. బరువు తగ్గిన సంతోషంలో మనం చేయరాదు, భయంలో అసలే చేయరాదు. మూడు నెలల సగటు చూపే రక్తపరీక్ష (హెచ్‌బీఏ1సీ), బీపీ కొలత, ఏడాదికోసారి కళ్లు, కిడ్నీలు, పాదాల పరీక్ష, ఇవన్నీ బరువు తగ్గినవారికి కూడా తప్పవు. మరొక మాట. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గితే 'మాషా అల్లాహ్' అని ఊరుకోకండి. అదుపు తప్పిన షుగర్, టీబీ, థైరాయిడ్ కూడా మనిషిని అలాగే చిక్కిస్తాయి.

వారం రోజుల్లో సన్నబరుస్తామనే పొడులు, కషాయాలు బజారులో అమ్ముతున్నారు. 2025 నుంచి మన దేశంలో మౌంజారో, వెగోవీ వంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. అవి డాక్టరు చీటీ మీద, ఆయన పర్యవేక్షణలో వాడవలసిన మందులు, పొరుగువారిని చూసి కొనుక్కునేవి కావు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూదావూద్). హజ్రత్ సఅద్ (రజి) జబ్బుపడినప్పుడు ఆయన స్వయంగా పరామర్శకు వెళ్లి, సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమన్నారు (అబూదావూద్). దుఆ చేసే నోటితోనే వైద్యుని చిరునామా చెప్పారన్న మాట. దుఆ ఉండగా డాక్టరెందుకు అనేవారు దీనిని గమనించాలి.

'డబ్బులు ఎక్కడివి?' అంటారు. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బీపీ, షుగర్ పరీక్షలు చేసి మాత్రలు ఉచితంగా ఇస్తారు. నిజామాబాద్‌లో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. కూలి పోతుందన్న బాధ నిజమే. ఇంట్లోవారు ఆ పూట చేట తాము పట్టుకుంటే ఆ బాధ కొంత తీరుతుంది.

ఇక రమజాన్. బరువు తగ్గడానికి ఇదే అదను అనుకుని, సహరీ మానేసి, మందులు మానేసి రోజా ఉండేవారిని చూస్తున్నాము. రోజా దైవప్రసన్నత కోసం, తూకం కోసం కాదు. సహరీలో శుభం ఉందని హదీసు (బుఖారీ, ముస్లిం). రోగికి, ప్రయాణికునికి అల్లాహ్ స్వయంగా సడలింపు ఇచ్చాడు (అల్ బఖరా 184, 185). కోలుకునే రోగి తర్వాత ఖజా పూర్తి చేస్తాడు. కోలుకునే ఆశ లేనివాడు ఒక్కో రోజాకు ఒక్కో నిరుపేదకు అన్నం పెడతాడు. రోజాలో ఉండగా వేలికి సూది గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా భంగం కాదు. చక్కెర 70 కంటే దిగినా, 300 దాటినా ఆ రోజు రోజా విరమించాలని వైద్యులు చెబుతారు. ఇఫ్తారుకు పావుగంటే ఉంది కదా అని బిగబట్టుకుని కూర్చోవద్దు.

రోజా ఉండవచ్చునా, ఉంటే ఏ మాత్ర సహరీకి, ఏది ఇఫ్తారుకు, ఎంత మోతాదు అని అడగవలసింది నెలవంక కనబడిన రాత్రి కాదు. రజబ్ చివరలోనో షాబాన్ మొదట్లోనో పాత చీటీలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఎన్ని కిలోలు తగ్గారో కూడా ఆయనకు చెప్పండి.