దినమున కొకమారు జరుగవలసిన పని

శ్రీముఖలింగమున మధుకేశ్వరాలయ శాసనములలో అఖండదీపములకై యొసగిన దానములు పెక్కు గలవు. ఆ దీపము రేయింబవళ్లు వెలుగవలసినది. కావున నిత్యము నేయి వ్యయమగుట న్యాయమే. నైవేద్యమో, వేళకు మాత్రమే జరుగును. దానికై అర్చకుడు తెల్లవార్లు గర్భగుడిలో నిలిచియుండడు. కంప్యూటరునకు పని యప్పగించునపుడు మన విద్యార్థులు ఈ భేదమును మరచుచున్నారు.

ప్రతిరాత్రి 2 గంటల 30 నిమిషములకు పాఠశాల హాజరుపట్టికకు నకలు తీయు స్క్రిప్టు కావలెననుకొనుడు. ‘వేళ యయ్యెనా?’ యని యెడతెగక గడియారము నడుగు లూపును వ్రాసినచో, ప్రాసెసరులో నొక కోరు దినమునందలి 86,400 సెకనులును శ్రమించును. ఫలము ఒక్క నకలు! నిమిషమున కొకమారు మేల్కొనునట్లు దిద్దినచో శ్రమ మిక్కిలి తగ్గును. కాని యంత్రము ఆగి మరల మొదలైనపుడు ఆ స్క్రిప్టు తనంతట లేవదు, లేవలేదని యెవరికిని తెలియదు.

యూనిక్సు యొక్క 1979 నాటి ఏడవ కూర్పునందే క్రాన్ అను కావలివాడు గలడు. నేటి లినక్సు యంత్రములందును వాడుకలో నున్నాడు. ఇతడును నిమిషమున కొకసారి మేల్కొనును గాని, పనులు నూరున్నను మేల్కొనువాడు ఒక్కడే. ఇతని పట్టికలో 30 2 * * * అని వ్రాసి, ప్రక్కన స్క్రిప్టుండు చోటును పూర్తిగా తెలుపవలెను. మొదటిది నిమిషము, రెండవది గంట. పిమ్మట తేదీ, మాసము, వారము. నక్షత్రచిహ్నమునకు ‘ఏదైనను సరియే’ యని యర్థము. కావుననే 30కి బదులు నక్షత్రము పెట్టినవాని స్క్రిప్టు రెండు మొదలు మూడు గంటలలోపల అరువదిమారులు నడచును. ఈ పొరపాటు చేయని విద్యార్థి అరుదు.

ఇక కరెంటు మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటిన పిదప మన జిల్లాలో అనేక గ్రామములు చాల దినములు చీకటిలో నుండెను. యంత్రము ఆగియున్నపుడు తప్పిన వేళను సాధారణముగా క్రాన్ మరల తలపోయడు. ఎనాక్రాన్ అనునది పని కడపటిసారి జరిగిన తేదీని వ్రాసికొని, యంత్రము లేచిన పిమ్మట తప్పినదానిని జరిపించును. గంటనిమిషముల పట్టింపు దానికి లేదు, దినములే లెక్క. హాజరు చాలదని విద్యార్థిని పరీక్షకు పంపమన్న నాడు సాక్ష్యము ఆ నకలే గదా. అది రెండున్నరకు గాక తొమ్మిదింటికి సిద్ధమైన నేమి? మన ప్రాంతమునకు ఎనాక్రానే మేలని నా యభిప్రాయము. నకలును వేరొక డిస్కుపై నుంచి, దాని తేదీని ప్రతి ఉదయము గుమాస్తాగారు చూచుట మాత్రము మానరాదు.