గోశాలకిచ్చిన ఎద్దు ఏమైంది?

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. నాన్నగారు ఏళ్ల తరబడి అరక కట్టిన ఎద్దు ముసలిదై కాడి మోయలేకపోతే, సంక్రాంతి వెళ్లాక ఒక గోశాలకు ఇచ్చాం. మేతకని పదివేలు కట్టాం, రసీదు ఉంది. రసాల కోతలయ్యాక చూసి రావడానికి వెళితే ఎద్దు లేదు. ‘వేరే శాఖకు పంపాం’ అని ఒకరు, ‘పోయిందేమో’ అని ఇంకొకరు అన్నారు. నాన్నగారు రోజూ అడుగుతున్నారు. ఇచ్చేశాక అడిగే హక్కు మాకుందా?
– మామిడి రైతు, ఆగిరిపల్లి మండలం

జవాబు: తప్పకుండా ఉంది. సాకుతామని మాటిచ్చి, మేతకు డబ్బు తీసుకున్నవారు ఆ జీవానికి లెక్క చెప్పాలి. ఇద్దరు రెండు మాటలు చెప్పారంటే, ఎవరూ రిజిస్టరు తీసి చూడలేదన్నమాట. ముందు మీ రసీదు నకలు జతచేసి కాగితం మీద అడగండి. పంపామంటే ఏ తేదీన, ఎక్కడికి, అక్కడ ఎవరు దించుకున్నారు? చనిపోయిందంటే ఎప్పుడు, ఏ డాక్టరు చూశారు, ఎక్కడ పూడ్చారు?

మీ ఎద్దుకు చెవి ట్యాగు ఉండే ఉంటుంది. గాలికుంటు టీకా వేసేటప్పుడు వేస్తారు, దాని మీద 12 అంకెలుంటాయి. టీకా కార్డులో ఆ నంబరు వెతికి పశువుల ఆసుపత్రికి వెళ్లండి. భారత్ పశుధన్‌లో అది ఎవరి పేరున ఉందో, తర్వాత టీకాలేమైనా పడ్డాయో డాక్టరుగారు చూడగలరు.

అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. దేవాదాయ శాఖ గుడికి చెందిన గోశాలైతే నేరుగా ఆ శాఖనే అడగొచ్చు. ప్రైవేటు ట్రస్టుదైతే, పశుసంవర్ధక శాఖ అక్కడ చేసిన తనిఖీల నివేదికలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

2019 ఆగస్టులో మనకు దగ్గరలోనే, విజయవాడ పక్కన కొత్తూరు తాడేపల్లి గోశాలలో ఒక్క రాత్రిలో వంద దాకా ఆవులు చనిపోయాయి. రాష్ట్రమంతా కదిలింది, ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఆ వందా ఒకే రాత్రి కాక రోజుకొకటి చొప్పున పోయి ఉంటే ఎవరికి తెలిసేది? నన్ను కలవరపెట్టేది అదే. 2025 ఏప్రిల్‌లో తిరుపతి గోశాలలో మూడు నెలల్లో వందకు పైగా ఆవులు పోయాయని ఆరోపణ వచ్చింది, టీటీడీ ఖండించింది. దాని మీద ఎంత రాజకీయం నడిచిందో చూశాం. ఏ గోశాలైనా సరే, ఈ నెల ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎవరికిచ్చాం, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి అని గేటు దగ్గర బోర్డు మీద రాస్తే అలాంటి వివాదం పూటలో తేలిపోతుంది.

ఒక్క మాట. గోశాలకు చేరేవి ముసలివీ, జబ్బువీ. చావులు ఉంటాయి. మీ ఎద్దు కూడా కాలం తీరి పోయి ఉండొచ్చు, అది నేరం కాదు. చావుల్ని దాచకుండా రాసిపెట్టే గోశాలనే నేను నమ్ముతాను. ఒక్కటీ చావలేదని చెప్పే చోటుకు మాత్రం పశువును ఇవ్వకండి.

ప్రశ్న: మా వీధి కుక్కను ఆపరేషన్ కోసమని పట్టుకెళ్లారు. పది రోజులైంది, తిరిగి రాలేదు. ఎవరిని అడగాలి?
– గృహిణి, నూజివీడు

జవాబు: మున్సిపల్ కమిషనర్‌కు రాసివ్వండి. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పట్టిన కుక్కకు నంబరున్న పట్టీ కట్టాలి, పట్టిన చోటు రాయాలి, ఆపరేషన్, టీకా అయ్యాక అక్కడే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టూ ఇదే చెప్పింది, రేబిస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ తప్ప. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని నవంబరులో ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. మీది వీధి కుక్క కాబట్టి దాని పట్టీ నంబరు, వదిలిన తేదీ అడగండి. చెవి అంచు కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు.

పాఠకులందరికీ నా విన్నపం: ఏ జీవాన్ని ఎవరికి అప్పగించినా ముందు ఫొటో తీసుకోండి, చెవి ట్యాగు నంబరు రసీదు మీద రాయించుకోండి, నెలకోసారి వెళ్లి చూడండి.