ఏన్గెదీ తేనెపిట్ట

మత్తయి 6:26 చదువుడి.

ఆకాశపక్షులను గూర్చి ప్రభువు పలికిన ఈ మాటమీద, వేరుశనగ ఎండిపోయిన ఒక యేడు మేము ప్రసంగించితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట ఒక సహోదరి, "అయ్యగారూ, విత్తని పిట్టకు దొరుకుచున్నది, విత్తిన మాకేమి దొరికినది?" అని అడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. తరువాత ప్రభువు నడచిన దేశపు పక్షులను గూర్చి చదువుచుండగా ఒక చిన్న పిట్ట సంగతి కనబడెను.

దావీదు దాగిన ఏన్గెదీ ఉప్పు సముద్రపు ఒడ్డున ఉన్నది. అక్కడ ఏడాదికి 100 మిల్లీమీటర్ల వానయైనను పడదు. అట్టి చోట బ్రదుకు పాలస్తీనా తేనెపిట్ట, మన చేలగట్లమీద కనబడు ఊదా తేనెపిట్టకు దగ్గరి చుట్టము. బారు సుమారు నాలుగంగుళములు. మగది దూరమునకు నల్లగా తోచును గాని, ఎండ తగిలినప్పుడు పచ్చగాను నీలముగాను మెరయును. ఆడది బూడిదరంగుది. సాలెపురుగు దారముతో సంచివంటి గూడు అల్లి వ్రేలాడదీయుట దాని పని.

ఆ యెడారిలో తేనె యెక్కడిది? అచ్చటి తుమ్మచెట్లమీద ఒక బదనిక పెరుగును. (మందసము చేసినది తుమ్మకర్రతోనే, నిర్గమ 25:10.) మన మామిడికొమ్మలమీది బదనికను చూచినచో కొట్టివేయుదుము గదా, అట్టిదే. దాని యెర్రని పూలలో తేనె ఉన్నది. పిట్ట వంకరముక్కు దూర్చి త్రాగును. పుప్పొడి దానికంటుకొని వేరొక పూవునకు చేరును. అప్పుడు కాయ పట్టును. ఆ కాయను పికిలిపిట్ట మ్రింగి, గింజను మరియొక కొమ్మమీద విడుచును. అది అక్కడనే అంటుకొని మొలచును. తేనెపిట్ట విత్తదనుట నిజమే. దానికొరకు విత్తునది వేరొక పిట్ట. ఆ సంగతి ఆ పిట్టకే తెలియదు.

అయినను ఇది ఊరక కూర్చుండు పిట్ట కాదు. పిల్లలకు పురుగులు కావలెను గనుక పగలంతయు వెదకవలసినదే.

19వ శతాబ్దమున ఎక్కువగా యొర్దాను లోయలోనే ఉండిన ఈ పిట్ట, తరువాత మనుష్యులు తోటలు నాటిన కొలదిని దేశమంతట వ్యాపించెను. ఆ తోటలు పిట్టకొరకు నాటినవి కావు.

ఈ జవాబు పట్టుకొని ఆ సహోదరి యింటికి వెళ్లితిమి. మేము పోవునప్పటికి పొరుగింటి ముసలమ్మ వాకిట కూర్చుండి, ఆమె చేటలోనికి జొన్నలు కొలుచుచుండెను. రెండు మానికలు. ఆ ముసలమ్మ మన సంఘస్థురాలు కాదు. మేము పిట్ట సంగతి యెత్తలేదు.